కరెంటు పోతే కంప్యూటరుకు దిక్కెవరు?

ఈ సంచికకు వ్యాసాలు ఇవ్వండని నోటీసు బోర్డులో పెట్టగానే మిత్రులు చాలామంది అంబేడ్కర్ గారి మీద, అమ్మ మీద, స్నేహం మీద, పర్యావరణం మీద రాస్తామని పేర్లు ఇచ్చారు. మేము యూపీఎస్ మీద రాస్తామన్నాము. సంపాదకవర్గంలో ఒకరిద్దరు నవ్వారు. పరీక్ష ఫీజు చివరి రోజున ఆ పెట్టె పక్కన కూర్చొని "ఇంకో అయిదు నిమిషాలు ఆగు తల్లీ" అని దండం పెట్టుకున్నదీ వాళ్ళే. అందుకని వాళ్ళ నవ్వును మేము పెద్దగా పట్టించుకోలేదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. సంక్షేమ హాస్టళ్ళకు కంప్యూటర్లు ఇచ్చేటప్పుడు వాటితోపాటు యూపీఎస్ పెట్టెలు కూడా ఇస్తారు. ఇచ్చిన రోజున కొబ్బరికాయ కొడతారు, ఫొటో దిగుతారు. ఆ తరువాత ఆ పెట్టె బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలియదు. లోపలి బ్యాటరీ రెండు మూడేళ్ళకు అరిగిపోయే వస్తువని కొనే కాగితంలో ఉండదు, వాడే రిజిస్టరులో ఉండదు. ట్యూబులైటు మాడిపోతే మార్చడానికి ఒక పద్ధతి ఉంది. పంపు వాషరు పోతే మార్చడానికి ఒక పద్ధతి ఉంది. యూపీఎస్ బ్యాటరీకి మాత్రం ఏ పద్ధతీ లేదు. దానికీ ఒక పద్ధతి పెట్టాలి, ఆ పద్ధతిలో విద్యార్థులకు చోటు ఉండాలి. మేము అడిగేది ఇంతే.

ఇది చిన్న విషయం కదా అనిపించవచ్చు. మన హాస్టల్లో ఆ కంప్యూటరు మీద ఏమేం జరుగుతాయో ఒకసారి లెక్క వేయండి. స్కాలర్‌షిప్పుకు ఈ-పాస్ దరఖాస్తు, దాని రెన్యువల్, పరీక్ష ఫీజులు, హాల్ టిక్కెట్లు, ఉద్యోగాల నోటిఫికేషన్లు అన్నీ దాని మీదే. ఎంసెట్ 2018 నుంచి కంప్యూటరు మీదే రాస్తున్నారు, 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అయింది. మాక్ టెస్టులు రాసి చెయ్యి అలవాటు చేసుకోవడానికి మనలో చాలామందికి ఆ గది తప్ప వేరే చోటు లేదు. ఇంట్లో కంప్యూటరు ఉన్న పిల్లవాడికి కరెంటు పోతే ఒక గంట పోతుంది, అంతే. నలభై మందికి రెండు కంప్యూటర్లు ఉన్న చోట కరెంటు పోతే వంతు పోతుంది. ఆ వంతు మళ్ళీ రావడానికి రెండు రోజులు పట్టవచ్చు, ఆ లోపల చివరి తేదీ దాటిపోవచ్చు.

మా సీనియర్ అన్న ఒకరి సంగతి చెప్పి ముందుకు పోతాము. పేరు వద్దన్నాడు. కౌన్సెలింగుకు వెబ్ ఆప్షన్లు పెడుతున్నాడు. నలభై కాలేజీల వరుస కాగితం మీద రాసుకొని, ఒక్కొక్కటే చూసి ఎక్కిస్తున్నాడు. సగం దాటాక కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి "కీ" మని ఆగిపోయింది, దానితోపాటే కంప్యూటరూ ఆగిపోయింది. కరెంటు రెండు నిమిషాల్లోనే తిరిగి వచ్చింది. అయితే సేవ్ కొట్టని ఆప్షన్లన్నీ పోయాయి. వెనకాల ఇంకో ఆరుగురు కాచుకొని ఉన్నారు. లేచి వాళ్ళకు చోటిచ్చాడు, ఆ రాత్రి అతనికి మళ్ళీ వంతు రాలేదు. మొదటి రోజు సేవ్ చేసిన చిన్న జాబితాతోనే సీటు వచ్చింది, ఊరికి దూరంగా, అతను కోరుకోని బ్రాంచిలో. వెయ్యి రూపాయల అటూ ఇటూ చేసే బ్యాటరీ ఒకటి ఆ పెట్టెలో పనిచేసి ఉంటే ఆ రెండు నిమిషాలు గడిచిపోయేవి.

పెద్దలు సభల్లో మనకు ఒక మాట తరచుగా చెబుతారు. ఫలానా మహానుభావుడు వీధి దీపం కింద కూర్చొని చదివి పైకి వచ్చాడని. చప్పట్లు కొడతాము, గౌరవమూ ఉంది. అయితే వీధి దీపం కింద పుస్తకం చదువుకోవచ్చు గాని, వీధి దీపం కింద కంప్యూటరు నడవదు. పట్టుదల ఎంత ఉన్నా ఆగిపోయిన తెర మీద ఆప్షన్లు పెట్టలేము. ఇప్పటి చదువుకు కావలసిన వెలుతురు వేరు. ఆ వెలుతురును కాపాడే పనిని పట్టుదల ఖాతాలో వేయకూడదని మా ఉద్దేశం.

ఇంకో మాట కూడా వింటూ ఉంటాము. "ఇప్పుడు కరెంటు కోతలు ఎక్కడున్నాయి? యూపీఎస్ గురించి ఇంత గొడవ దేనికి?" అని. నిజమే, కోతలు తగ్గాయి. 2012, 2013 ఎండాకాలాల్లో ఈ నగరంలోనే వేళలు ప్రకటించి మరీ కరెంటు తీసేవారు. 2012 జులై 30న ఉత్తర గ్రిడ్, మరుసటి రోజు దానితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి దేశంలో సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైపోయింది. మన దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో ఒకే తాళంలో నడవడం లేదు గనుక అందులో పడలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో అదీ కలిసింది. ఆ రోజులతో పోలిస్తే ఇప్పటి పరిస్థితి ఎంతో మేలు. ఇప్పుడు బోరబండలో కరెంటు పోయేది ఎక్కువగా గాలివానకు చెట్టు కొమ్మ తీగల మీద పడినప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయినప్పుడు, లైను మరమ్మతుకు ఆపినప్పుడు. కొన్నిసార్లు రెండు నిమిషాలు, కొన్నిసార్లు అరగంట.

యూపీఎస్ పుట్టింది సరిగ్గా ఈ రెండు నిమిషాల కోసమే. నాలుగు గంటల కోత ఉన్న రోజుల్లో అది కంప్యూటరును మర్యాదగా ఆపుకోవడానికి తప్ప దేనికీ చాలేది కాదు. రెండు నిమిషాల అంతరాయాన్ని మాత్రం అది మనకు తెలియకుండానే దాటించేస్తుంది. కాబట్టి కోతలు తగ్గాయి గనుక యూపీఎస్ అక్కర్లేదనే వాదన తలకిందులుగా ఉంది. కోతలు చిన్నవయ్యాయి గనుకే ఆ పెట్టె ఇప్పుడు పూర్తిగా అక్కరకు వచ్చే స్థితిలో ఉంది. పైగా రోజూ కరెంటు పోయే కాలంలో బ్యాటరీ చెడిపోతే ఆ రోజే తెలిసేది. ఇప్పుడు మూడు నెలలకు ఒకసారి పోతే, ఆ మూడు నెలలూ అది బాగుందనే భ్రమలో ఉంటాము.

బోరబండ స్టేషనులో లింగంపల్లి వైపు ఎం.ఎం.టి.ఎస్. ఎక్కితే తరువాతి స్టేషను హైటెక్ సిటీ. అక్కడ సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రారంభించారు. ఆ చుట్టుపక్కల కంపెనీల్లో కరెంటు పోయినా తెర రెప్ప కొట్టదు. గదులకు గదులు బ్యాటరీలు ఉంటాయి. జనరేటరు పుంజుకునే దాకా భారం మోయడమే వాటి పని. వాటిని తరచుగా పరీక్షించి కాగితం మీద సంతకం పెట్టడానికి షిఫ్టుల్లో మనుషులు ఉంటారు. మన అన్నలు కొందరు అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోర్సులు నేర్చుకొని అక్కడికే ఉద్యోగాలకు పోయారు. వాళ్ళు అక్కడ జీతానికి చేసే పనిని ఒక్క స్టేషను ఇవతల ఉన్న మనం కనీసం రిజిస్టరులో కూడా రాసుకోవడం లేదు. వాళ్ళ లాంటి గదులు మాకూ కావాలని మేము అడగడం లేదు. వాళ్ళ అలవాటు మనకూ ఉండాలంటున్నాము.

ఇక ఆ పెట్టె సంగతి. మన గదుల్లో మామూలుగా ఉండేది 600 వి.ఎ. యూపీఎస్. 600 అని రాసి ఉంటే 600 వాట్లు అనుకోకూడదు, అది మోయగలిగేది సుమారు 360 వాట్లు. లోపల 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి ఉంటుంది. పన్నెండేడులు ఎనభై నాలుగు, అంటే 84 వాట్-అవర్లు. కంప్యూటరు, మానిటరు కలిపి 120 వాట్లు తాగుతాయనుకుంటే కాగితం మీద 42 నిమిషాలు రావాలి. రాదు. చిన్న బ్యాటరీ నుంచి ఒక్కసారిగా ఎక్కువ లాగితే అది తన దగ్గర ఉన్నదంతా ఇవ్వలేదు, పైగా డీసీని ఏసీగా మార్చడంలో కొంత వేడిగా పోతుంది. కొత్త బ్యాటరీ అయితే 15 నుంచి 20 నిమిషాలు వస్తే సంతోషించాలి. దుకాణంలో గంట వస్తుందని చెప్పినా ఈ లెక్క మరచిపోకండి.

కరెంటు పోయినప్పుడు ఈ పెట్టె దాదాపు సెకనులో వందో వంతులో బ్యాటరీ మీదకు మారుతుంది. కంప్యూటరులోని పవర్ సప్లై ఆ మాత్రం సేపు తన దగ్గర దాచుకున్న దానితో నెట్టుకొస్తుంది. అందుకే మనకు ఏమీ తెలియదు. ఈ లెడ్ యాసిడ్ బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టాడు. అంత పాత సరుకు ఇంకా మన కంప్యూటర్లను మోస్తోంది. మన తెలుగువాళ్ళూ ఈ రంగంలో వెనకబడి లేరు. తిరుపతి దగ్గర అమరరాజా 1985లో మొదలైంది, ఇక్కడ హైదరాబాదులో హెచ్.బి.ఎల్. కూడా బ్యాటరీలు చేసి పేరు తెచ్చుకుంది.

బ్యాటరీ చెడిపోవడంలో ఒక చిక్కు ఉంది. బల్బు పోతే చీకటి పడుతుంది, ఫ్యాను పోతే చెమట పడుతుంది, బ్యాటరీ పోతే ఏమీ కాదు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటరు నడుస్తూనే ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు ఆ పెట్టె కరెంటును అటునుంచి ఇటు అందిస్తుంది, అంతే. ఇక పోయిన రోజున తెలుస్తుంది, ఆ రోజు తెలిసి లాభం లేదు. అందుకే నెలకు ఒకసారి మనమే కరెంటు తీసి చూడాలి. చేస్తున్న పని సేవ్ చేసుకొని, గోడ దగ్గర స్విచ్ ఆపాలి. ప్లగ్గు పీకకూడదు, పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది. గడియారం చూసి అయిదు నిమిషాలు ఆగాలి. ఆగకుండా నడిస్తే ఆ తేదీ రాసి పెట్టుకోవాలి. రెండు నిమిషాలకే మూలిగితే బ్యాటరీకి రోజులు దగ్గర పడ్డాయని అర్థం.

ఇంక తగాదాలు ఎలా వస్తాయో, మా గది అనుభవంతో కొంచెం వివరంగా చెబుతాము.

కరెంటు పోగానే కంప్యూటరూ ఆగిపోయిందంటే అందరూ "బ్యాటరీ పోయింది" అంటారు. చాలాసార్లు నిజమే. కాని ముందు వెనకాల వైర్లు చూడాలి. కొన్ని యూపీఎస్‌లకు వెనక రెండు రకాల సాకెట్లు ఉంటాయి, ఒక రకం బ్యాటరీతో నడిచేది, రెండోది హెచ్చు కరెంటు నుంచి రక్షణకు మాత్రమే. ఊడ్చేటప్పుడు ఎవరో వైర్లు పీకి మళ్ళీ పెడతారు, కంప్యూటరు రెండో దానిలోకి పోతుంది. పాపం బ్యాటరీకి చెడ్డపేరు. ఆ పైన భారం చూడాలి. ఎవరైనా ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి దానికి ఇంకో కంప్యూటరు, నాలుగు ఫోన్ల ఛార్జర్లు పెట్టారా? కరెంటు ఉన్నంతసేపు లాగిస్తుంది, పోగానే చేతులెత్తేస్తుంది. లేజర్ ప్రింటరును మాత్రం యూపీఎస్‌కు ఎన్నడూ తగిలించకూడదు. లోపలి రోలరు వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది.

కరెంటు ఉన్నా "కీ కీ" మంటూ ఉంటే మొదట చూడాల్సింది ప్లగ్గు. మన గోడ సాకెట్లు వదులు, చెయ్యి తగిలితే చాలు. తరువాత యూపీఎస్ వెనక ఉండే చిన్న ఫ్యూజో, నొక్కితే లోపలికి పోయే బటనో చూడాలి. అది బయటికి తన్నుకొని వచ్చి ఉంటే ఎక్కువ భారం పడిందని అర్థం. భారం తగ్గించి నొక్కాలి. మళ్ళీ మళ్ళీ తన్నుకొస్తుంటే వదిలేసి మెకానిక్‌ను పిలవాలి.

మూడోది మా గదిలో చాలా రోజులు దయ్యం లాగా ఆడించింది. సాయంత్రం ఆరుంబావు నుంచి ఏడు దాకా లైట్లు వెలుగుతూనే ఉండేవి, యూపీఎస్ మాత్రం "టక్... టక్..." మని బ్యాటరీ మీదకు పోయి వస్తూ ఉండేది. ఎవరో బ్యాటరీ అన్నారు, ఎవరో వైరింగు అన్నారు. వేళ గుర్తుపట్టింది వంటగదిలోని అక్క. బోరు మోటారు వేసేది ఆ వేళకే. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు నడిచేటప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, అదే లైను మీద ఉన్న గదిలో వోల్టేజి దభాలున పడిపోతుంది. 230 ఉండాల్సింది బాగా తగ్గిపోతే యూపీఎస్ దాన్ని కరెంటు పోయినట్టే లెక్క వేస్తుంది. రోజూ ఇలా జరిగితే బ్యాటరీ నిండే సమయం లేక తొందరగా అరిగిపోతుంది. మోటారు వేళను స్టడీ అవరుకు ముందుకు జరిపాము, దయ్యం వదిలింది. రూపాయి ఖర్చు కాలేదు. ఎలక్ట్రీషియన్ వస్తే ఆ గదికి వేరే లైను లాగించడం అసలైన మందు.

కరెంటు పోయినప్పుడు కంప్యూటరు వెలుగుతూనే ఉంటుంది, దరఖాస్తు మాత్రం ఆగిపోతుంది. ఇది ఇప్పటి కాలపు జబ్బు. ఇంటర్నెట్ రూటరును ఎవరూ యూపీఎస్‌కు తగిలించరు. అది తాగేది పది పన్నెండు వాట్లు. దాన్ని గోడ సాకెట్టు నుంచి తీసి యూపీఎస్‌కు మార్చడం మీ చేతిలో పని, ఈ వ్యాసం చదివిన రోజే చేయవచ్చు.

హాస్టలు మొత్తానికి ఇన్వర్టరు ఉన్న చోట ఇంకో తంటా. ఫ్యాన్లు, లైట్లు నడుస్తాయి, కంప్యూటరు మాత్రం ఆగి మళ్ళీ మొదలవుతుంది. చాలా ఇన్వర్టర్లకు వెనక ఒక చిన్న మీట ఉంటుంది, ఒక వైపు మామూలు, ఇంకో వైపు యూపీఎస్ అని. మామూలు వైపు ఉంటే మారడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఫ్యానుకు పరవాలేదు గాని కంప్యూటరు ఆగదు. మీట ఏ వైపు ఉందో వార్డెన్ గారిని అడిగి చూడండి.

చేయకూడనివి రెండు. బ్యాటరీ పొట్ట ఉబ్బినా, వేడిగా ఉన్నా, పుల్లటి ఘాటు వాసన వచ్చినా దాన్ని ఇక వాడకూడదు. అలాగే యూపీఎస్ మూత మనం విప్పకూడదు. ప్లగ్గు తీసేసినా లోపల బ్యాటరీ ఉంటుంది, అది తయారు చేసే కరెంటూ షాకు కొడుతుంది. మల్టీమీటరు పెట్టి చూడటం తెలిసినవాళ్ళ పని. నిండుగా ఛార్జి అయి కొన్ని గంటలు విడిగా ఉంచిన బ్యాటరీ 12.7 వోల్టుల దగ్గర చూపించాలి. రోజంతా ఛార్జి పెట్టినా 12 కంటే కిందనే ఉంటే దాని మీద ఆశ వదులుకోవచ్చు. మీటరులో బాగా కనిపించి, కంప్యూటరు భారం పడగానే 10కి జారిపోయే టక్కరి బ్యాటరీలూ ఉంటాయి. అందుకే గడియారం పరీక్షే అన్నింటికంటే మేలు.

ఇంతవరకు చెప్పినవి ఏ ఇంట్లో అయినా, ఏ నెట్ సెంటరులో అయినా ఉండేవే. హాస్టళ్ళకు మాత్రమే ఉన్న జబ్బు వేసవి సెలవులు. ఏప్రిల్ చివర్లో గదికి తాళం పడుతుంది, జూన్ రెండో వారం తరువాత గాని తెరవము. పోయేటప్పుడు మెయిన్ ఆపేసి పోతారు. యూపీఎస్ బటన్ ఆపరు. అది కరెంటు పోయిందనుకొని, బ్యాటరీ అడుగంటే దాకా కీ కీమని, ఆపైన ఊరుకుంటుంది. అలా ఖాళీ అయిన బ్యాటరీ మే నెల ఎండకు కాగుతూ ఆరు వారాలు పడి ఉంటుంది. లోపలి సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఆపైన ఎంత ఛార్జి పెట్టినా ఎక్కదు. ఈ బ్యాటరీలకు 25 డిగ్రీల వేడి అనుకూలం, అక్కడి నుంచి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని లెక్క. పై అంతస్తులో స్లాబు కింద మూసి ఉన్న గది మే నెలలో ఎంత కాగుతుందో మనకు చెప్పక్కర్లేదు. జూన్‌లో తెరిచి "పోయిన ఏడాది బాగానే ఉండె కదా" అనుకుంటాము. కరోనా వచ్చిన 2020 మార్చిలో మూసిన తలుపులు, తొమ్మిది ఆపై తరగతులకు 2021 ఫిబ్రవరి 1న గాని తెరుచుకోలేదు. పది నెలలు దిక్కు లేకుండా పడి ఉన్న బ్యాటరీ ఏమవుతుందో వేరే చెప్పాలా!

ఇప్పుడు అసలు అడ్డంకి దగ్గరికి వస్తాము. "ముట్టుకోవద్దు, పాడైపోతుంది" అనే మాట. కంప్యూటరు గది తలుపు మీద ఈ మాట కాగితం మీద రాసి అంటించిన హాస్టళ్ళను మేము చూశాము. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు, వస్తువు పాడైతే జవాబు చెప్పాల్సింది వాళ్ళే. కాని ముట్టుకోవద్దు అనే మాట మన తాతలు, అమ్మమ్మలు బావి దగ్గరా గుడి దగ్గరా చాలా విన్నారు. చదువుకోవడానికి వచ్చిన చోట, మన కోసమే ఇచ్చిన వస్తువు దగ్గర ఆ మాట మళ్ళీ కనబడితే మనసు చివుక్కుమంటుంది. అది అలా ఉంచితే, ఆ మాట వల్ల వస్తువు బాగుపడిందా అంటే అదీ లేదు. ముట్టుకోకపోవడం వల్లే బ్యాటరీలు పోతున్నాయి. తాళం వేసిన గదిలో దుమ్ము పట్టి పోయిన పెట్టెలే ఎక్కువ, విద్యార్థుల చేతుల్లో అరిగిపోయినవి తక్కువ.

మూత విప్పడం మెకానిక్ పని, ఒప్పుకుంటాము. నెలకు ఒకసారి స్విచ్ ఆపి గడియారం చూడటం, ఏ వైరు ఎక్కడ ఉందో చూడటం, దుమ్ము తుడవడం, పుస్తకంలో తేదీ రాయడం మన పని. ఏడాదికి ఇద్దరు విద్యార్థులను దీనికి పెట్టాలి, ఒకరు సీనియర్, ఒకరు జూనియర్. సీనియర్ పోయేలోగా జూనియరుకు నేర్పాలి. మెస్ కమిటీ ఉన్నట్టే ఇదీ ఒక కమిటీ. ఇందులో నేర్చుకున్నది వృథా పోదు. హైటెక్ సిటీలో షిఫ్టు పనికి పోయినా, అమీర్‌పేటలో కోర్సు చేసినా, సొంతంగా దుకాణం పెట్టుకున్నా పనికొస్తుంది.

డబ్బు సంగతి పెద్దలు చూడాలి. కొత్త బ్యాటరీ వేసిన రోజున దాని మీద మార్కరుతో తేదీ రాయాలి. మూడేళ్ళు నిండగానే, పనిచేస్తున్నా సరే, మార్చడానికి ఆ ఏడాది ఖర్చుల్లోనే డబ్బు ఉంచాలి. చెడిపోయాక అంచనా రాసి, పైకి పంపి, మంజూరు వచ్చి, కొటేషన్లు పిలిచే లోపల రెండు పరీక్షలు అయిపోతాయి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఒక పూటలో దొరికే వస్తువుకు ఆరు నెలలు కాచుకోవడంలో అర్థం లేదు. కొనేటప్పుడు తయారీ తేదీ చూసుకోవాలి. దుకాణంలో ఏడాది పడి ఉన్న "కొత్త" బ్యాటరీ కొత్తది కాదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో చవగ్గా దొరుకుతాయని కొందరు మిత్రులు సలహా ఇస్తారు. ఆ సంతలో మేమూ పుస్తకాలు, స్పీకర్లు కొన్నాము. బ్యాటరీ మాత్రం అక్కడ వద్దు, ఎవరి యూపీఎస్‌లో చచ్చి అక్కడికి వచ్చిందో తెలియదు.

పాత బ్యాటరీని చెత్తకుప్పలో వేయకండి, బండి మీద పాత ఇనుము కొనే వ్యక్తికీ ఇవ్వకండి. రెండు కిలోల పైన బరువుండే ఆ డబ్బాలో ఎక్కువ భాగం సీసమే. దాన్ని పగలగొట్టి ఇంటి ముందు కరిగించే చోట పిల్లల ఒంట్లోకి సీసం చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ పిల్లలు కూడా మన బస్తీల పిల్లలే. పాత బ్యాటరీలను తిరిగి తీసుకోవాలని 2001 నుంచే నిబంధనలు ఉన్నాయి, 2022లో వచ్చిన కొత్త నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇస్తే ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

కరెంటు ఎంతకీ రాకపోతే 1912కు ఫోన్ చేయండి. హాస్టలు మీటరు మీద ఉండే సర్వీసు నంబరు అడుగుతారు, దాన్ని ఇప్పుడే నోటీసు బోర్డులో రాసి పెట్టుకుంటే చీకట్లో టార్చి పట్టుకొని మీటరు దగ్గరికి పరుగెత్తే పని ఉండదు.

ఈ ఏడాది సెలవులకు మా ప్రతిపాదన ఇది. గదికి తాళం వేసే ముందు రోజు రెండు యూపీఎస్‌లనూ రాత్రంతా ఛార్జికి పెట్టాలి. తెల్లవారి ముందు యూపీఎస్ బటన్ ఆపి, పిమ్మట గోడ స్విచ్ ఆపాలి, చివరన మెయిన్. పెట్టెలను పై అంతస్తు నుంచి దింపి కింద ఆఫీసు గదిలో నీడన పెట్టాలి. మే 15 ప్రాంతంలో ఒక రాత్రి మళ్ళీ ఛార్జికి పెట్టడానికి సెలవుల్లో కూడా ఇక్కడే ఉండే వాచ్‌మన్ అన్న ఒప్పుకున్నాడు. అటెండెన్స్ రిజిస్టరు వెనక పేజీలో తేదీ వేసి సంతకం పెడతానన్నాడు. వార్డెన్ గారు తాళం చెవి ఒకటి ఆయన దగ్గర ఉంచితే చాలు.